గోరు దిగని టైరు

పాత సామాన్లు కొనేవాడు ఆ టైరును కాలితో దొర్లించి చూశాడు, అరచేత్తో చరిచి చూశాడు, చివరికి పెదవి విరిచాడు.

"ఆటోకు పట్టది, కారుకు పట్టది. యాడిది సాబ్ ఇది?"

"రేసు కారుది," అన్నాను.

"అట్లయితె రేసు కారుకే ఎయ్యుండ్రి," అనేసి, విరిగిన ఇనుప కుర్చీ, తుప్పు పట్టిన కూలరు, సొట్టలు పడ్డ బిందెలు కిందికి దించుకుని బండి తోసుకుంటూ పోయాడు. టైరు మేడ మీదే ఉండిపోయింది.

వదినె మెట్ల దగ్గర నిలబడి అంతా వింటోంది. "ఆయనే యాడ ఇమడలె. ఆయన టైరేడ ఇముడుతది," అంది. ఎగతాళి చేస్తోందేమో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

అన్న పోయి అప్పటికి నెల దాటింది. అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. శాలిబండలో మేమున్న ఇంటి కింది వాటాలో ఆయనా వదినే, పై వాటాలో నేనూ మా అమ్మా. ఆయన బస్సు డిపోలో టైర్ల సెక్షన్‌లో పని చేసి రిటైరయ్యాడు. నాది కరెంటాఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఇద్దరం ఒకే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకున్నాం, ఒకే మోరీ పొంగితే కలిసి తిట్టుకున్నాం. అంతకుమించి మా మధ్య బంధుత్వమేమీ లేదు. అయినా ఆయన మీద నాకున్న కోపం సొంత అన్న మీద ఉండేలాంటిదే. అది ఆయన పోయినా పోలేదు.

మనిషిని గుర్తు చేసుకుంటే నాకు ముందు కనబడేది ఆయన కుడిచేతి బొటనవేలు. ఆ గోరు వెడల్పుగా, అంచున నల్లగా ఉండేది. రోడ్డు పక్కన ఏ బండి ఆగి ఉన్నా ఆయన కాళ్లు అటే పోయేవి. వంగి, టైరు మీద గోరు గుచ్చి, వదిలి, అచ్చు పడిందో లేదో చూసేవాడు. అది ఎవరి బండి, లోపల ఎవరున్నారు అన్న ఫికరు ఉండేది కాదు. ఒకసారి మిఠాయి దుకాణం ముందు ఎవరిదో మెరిసిపోతున్న మోటారు సైకిలును ఇలాగే పరీక్ష చేస్తుంటే, బండి సొంతదారు జిలేబీ పొట్లంతో బయటికి వచ్చాడు.

"క్యా కర్‌రై చచా? గాలి తీస్తున్నవా?"

"గాలి కాదు బేటా. నీ టైరు సచ్చింది."

"ఏంది, సచ్చుడా? గీతలన్ని నిండుగున్నయ్ కద!"

"గీతలున్నయ్. పానమే లేదు."

అతను నా వైపు చూసి, ఈ ముసలాయనకు కాస్త తిక్కా అన్నట్టు కణత దగ్గర వేలు తిప్పాడు. ఏం చేస్తాం, ఆయన వెంట నడిస్తే ఇలాంటివి పడాల్సిందే. జామకాయల బండి ఆమెకైతే ఆయన పొడ గిట్టేది కాదు. దూరం నుంచి చూసి, "ఒచ్చిండమ్మా గోరాయన! గుచ్చినవంటె కొనాలె, ముందే చెప్తున్న," అని కాయల మీద పైట కొంగు కప్పేసేది. ఆయన నిజంగానే గుచ్చిన కాయలన్నీ కొనేవాడు. మెత్తబడిన జామకాయలు మా ఇంట్లో కూడా ఎప్పుడూ ఉండేవి.

ఇంకో పిచ్చి ఉండేది. ఆయనకు దాచడం అంటే పడదు. కొత్త చొక్కా కుట్టించుకుంటే ఆ రోజే తొడుక్కుని కూరగాయలకు పోయేవాడు. మిఠాయి డబ్బా వస్తే దేవుడి ముందు కూడా పెట్టకుండా మూత తీసేవాడు. వదినెకు ఒకసారి పట్టుచీర కొన్నాడు. ఆమె బీరువాలో పెట్టబోతే లొల్లి చేసి మంగళవారం పూట బట్టలుతికేటప్పుడు కట్టించాడు. సర్ఫు నీళ్లలో పట్టంచు నానుతుంటే ఆమె తిట్టిన తిట్లు మేడ మీద మాకు వినబడ్డాయి.

మా అమ్మకు అద్దాల అల్మారాలో పూల కప్పులు ఉండేవి, ఆమె పెళ్లినాటివి. వాటిలో మా నాన్న కూడా ఏనాడూ చాయ్ తాగలేదు. అన్న ఒకరోజు పైకి వచ్చి, అల్మారా తెరిచి, ఒక కప్పు తీసి చొక్కా కొసతో తుడిచి ఆమె ముందు పెట్టాడు.

"చాయ్ ఇండ్ల పొయ్యక్కా."

"అయ్యో, అవి ఒచ్చిపొయ్యేటోల్లకు తమ్మీ. మంచి దినానికి ఉండాలె."

"మంచి దినమొచ్చేటాల్లకు రాయైపోతయ్. వాడక్కా. వాడు."

ఆ 'వాడు' అన్న మాటలో ఎంత కరుకుదనం ఉందంటే, అమ్మ మారు మాట్లాడకుండా పోసింది. ఆయన కిందికి దిగిపోయాక ఆ కప్పు కడిగి మళ్లీ అల్మారాలోనే పెట్టిందనుకోండి. మా అమ్మను మార్చడం ఎవరి తరమూ కాలేదు.

ఈ పిచ్చికి కారణం నాకు చాలాకాలం తెలియలేదు. రేసుల సంగతి మాత్రం ముక్కలు ముక్కలుగా చెప్పేవాడు. డిపోలో పని చేస్తున్న రోజుల్లోనే సెలవులు పెట్టి చెన్నై అవతలి రేసు ట్రాకుకు పోయేవాడట. ఊళ్లో ఒక సేఠ్‌కు కార్ల పిచ్చి. ఒకే ఒక్క కారుతో చిన్న టీము పెట్టాడు. ఆ సేఠ్ గ్యారేజీలోనే మెకానిక్కుగా ఉన్న మొఘల్‌పురా కుర్రాడు యూసుఫ్ కారు తోలేవాడు. అన్న టైర్లు చూసుకునేవాడు.

"ఎండ దినం టైరుకు ఒక్క గీత ఉండది తమ్మీ, గుండు లెక్క నున్నగుంటది. వాన దినం టైరుకు లోతు గీతలుంటయ్, నీళ్లు అండ్లకెల్లి పోనీకె. గీతలొక్కటే కాదు, రబ్బరు గూడ మెత్తగుండాలె. గోరు గుచ్చితె రొట్టెపిండి లెక్క అచ్చు పడాలె. ఎండల వాన టైరెక్కిస్తివా, నాలుగు సుట్లకు పెచ్చులూడుతది. వానల నున్న టైరెక్కిస్తివా, మొదటి మలుపు కాడనే సలాం."

ఇదంతా మా అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. పెద్ద వాన పడి, చార్మినార్ వైపు నుంచి వచ్చే నీళ్లు రోడ్డును వాగు చేసినప్పుడు ఆయన ఇంకో మాట అనేవాడు. "ఇన్ని నీళ్లుంటె ఏ టైరూ ఆగది. టైరు నెట్టే నీళ్లకు ఒక హద్దున్నది. హద్దు దాటినంక కారు నేల మీద లేనట్టె, నీళ్ల మీద తేలుతది. డ్రైవరు ఎంతటోడైతె ఏంది? గప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, పోకపోవుడు. ఆ మాట చెప్పెటోడు ఒకడుండాలె." చెప్పి, తన బొటనవేలి వంక చూసుకునేవాడు.

వాన వస్తే ఆయనకు యూసుఫ్ దగ్గరికి పోవాలి. ఎండాకాలం, చలికాలం ఆ పేరే ఎత్తడు. చినుకు పడిందంటే చాలు, కింద నుంచి కేక.

"తమ్మీ, బండి తియ్యి. మొఘల్‌పురా పోదాం."

"వాన తగ్గినంక పోదామన్నా."

"తగ్గినంక ఏం పని?"

టైర్లతోనే బతుకు వెళ్లదీసిన మనిషి వానలో బండి నడపడు. నా స్కూటరు వెనక కూర్చుని, నా భుజం పిండుతూ దారి పొడుగునా పాఠం. "తెల్లగీత మీదికి పోకు, రంగు జారుతది. మ్యాన్‌హోలు మూత మీదికి పోకు. ఆకులు, ఆకులు! బ్రేకు ఒక్కసారి గుంజకు, ముద్దు చేసినట్టు పట్టు." ఎదురుగా ఆటోలు, పక్కన నీళ్లు చిమ్ముతూ బస్సు, వీపు మీద ఈయన. ఎన్నిసార్లు దిగి నడిచి రమ్మని చెబుదామనుకున్నానో.

యూసుఫ్‌ను మొదటిసారి అలాంటి వానలోనే చూశాను. ఇరుకు గల్లీలో, గోనెపట్టా పరదా వెనక గది. మంచం మీద గోడకు ఆనించిన దిండ్లు. నడుం పైన పహిల్వాన్‌లా ఉన్నాడు, భుజాలు, ఛాతీ. నడుం కింద దుప్పటి దాదాపు చదునుగా పడి ఉంది. ఒక రేసులో కారు గోడను గుద్ది ఆయన వెన్ను విరిగిందని, అప్పటి నుంచి కాళ్లు చచ్చుపడ్డాయని దారిలోనే అన్న చెప్పాడు. పెళ్లి కాని అక్క ఒకావిడ చూసుకుంటోంది.

అక్క చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి పెట్టింది. యూసుఫ్ నా వైపు తిరిగి, అడగకుండానే మొదలుపెట్టాడు.

"అన్న చెప్పిండా ఆ దినం సంగతి? పెద్ద టీమోల్లు నన్ను చూడనీకె వచ్చిన్రు. మంచిగ తోల్తె తీస్కపోతమన్నరు. మస్తు వాన. మొదటి సుట్టు బానే తిరిగిన. రెండో సుట్టుల మలుపు కాడ బ్రేకు లేటుగ పట్టిన. గల్తీ మేరీచ్ థీ. తప్పు నాదే తమ్మీ. టైర్లు ఫస్ట్ క్లాసుండె. అన్న పిల్లల లెక్క దాచిన టైర్లు." చెప్పి, ఆయన అన్న ముఖంలోకి చూశాడు. "కాదా అన్నా?"

అన్న బిస్కెట్టు చాయ్‌లో ముంచాడు. అది నాని సగం విరిగి కప్పులో పడింది. చెంచాతో దాన్ని వెతుకుతూ, "వాన పెద్దగుండె," అన్నాడు. అంతే.

మేము బయటికి వచ్చాక వాన ఇంకా పెరిగింది. ముందుకు పోలేక ఒక మూసిన గాజుల దుకాణం రేకు కింద ఆగాం. నీళ్లు మా చీలమండలు దాటాయి. అక్కడ, నేనేమీ అడగకుండానే, ఆయన రోడ్డును చూస్తూ చెప్పాడు.

"టైర్లు సచ్చినయ్ తమ్మీ. వాడు ఎక్కకముందే నాకెరుక."

వాన టైర్లు వాళ్లకు ఒకే ఒక్క సెట్టు ఉండేవట. సేఠ్ ఇంకో టీము నుంచి కొన్నాడు, వాడనివి. వాటిని అన్న తన ఇంట్లో, మంచం కింద, నల్ల కవరు చుట్టి, పౌడరు చల్లి దాచాడు. ప్రతి రేసుకూ లారీలో తీసుకుపోయేవాడు, వాన రాకపోతే అలాగే తిరిగి తెచ్చేవాడు. ప్రాక్టీసు రోజు జల్లు పడి, యూసుఫ్ వాటిని వేయమని అడిగినా ఇచ్చేవాడు కాదు. ఒక్క సెట్టు, ప్రాక్టీసుకు అరగదీస్తే అసలు రోజున ఏం గతి అనేవాడు. అలా ఏళ్లు గడిచాయి. చివరికి ఆ అసలు రోజు వచ్చింది. కవరు విప్పితే కొత్త టైర్ల వాసన. మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. అందరూ చుట్టూ చేరి అబ్బ అన్నారు. ఆయన మామూలుగా గోరు గుచ్చాడు. గోరు దిగలేదు.

"బండ. నాలుగుకు నాలుగు బండలు. నేనే దాచి దాచి చంపిన."

"మరి చెప్పకపోయినవా అన్నా?"

"వాని మొహం చూసిన. గంత ఖుషీగ వాడు ఎన్నడు లేడు. ఇంకో సెట్టు లేదు. ఒద్దంటె వాని బతుకు ఆడనే ఆగుతది. జర జాగ్రత్తగ తోల్తడు లే అనుకున్న. నెత్తి మీద రెండు దెబ్బలు సరిసి, చల్ భాయ్ అన్న." రేకు అంచున కారే నీళ్లలో బొటనవేలు తడుపుకున్నాడు. "వాడేమొ గల్తీ నాదంటడు. వచ్చినప్పుడల్ల గదే మాట. చెప్దామనే వస్త తమ్మీ. ఎండల మాట రాదు, వానలనన్న వస్తదని వస్త."

నాకు జాలి, కోపం ఒకేసారి కలిగాయి. "ఇప్పుడే పోదాం పా. వెనక్కి పోయి చెప్పు," అన్నాను. ఆయన తల ఊపాడు. బండి తిప్పాను కూడా. ఆయన ఎక్కలేదు. "మళ్లీ వానకు," అన్నాడు.

మళ్లీ వాన వచ్చింది. ఎన్నో వానలు వచ్చాయి. ప్రతిసారీ అదే గది, అదే చాయ్, అదే "గల్తీ మేరీచ్ థీ". ప్రతిసారీ యూసుఫ్ ఆ మాట అని ఆగేవాడు, "కాదా అన్నా?" అనేవాడు. అన్న గొంతు సవరించుకునేవాడు. నేను ఎదురుచూసేవాణ్ని, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని. ఆయన వానను గురించో, డిపోలో ఎవరి రిటైర్మెంటు గురించో ఏదో అనేవాడు. గడప దాటాక నా మీద చిరాకు పడేవాడు. "నువ్వట్ల గుడ్లప్పగించి చూస్తె మాటెట్ల వస్తది?" అని. సరే అని ఒకసారి బయటే నిలబడ్డాను, తడుస్తూ. లోపలి నుంచి ఆయన వచ్చి, నా ముఖం చూసి, "బండి తియ్యి," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నన్ననడం ఎందుకు అని అరిచాను. ఆయన వెనక ఎక్కి కూర్చున్నాడు. దారిలో తెల్లగీత మీదికి పోయినా ఏమీ అనలేదు.

ఆ టైరు మేడ మీద నీళ్లట్యాంకు పక్కన ఉండేది. విరిగిన కారు నుంచి మిగిలింది అదొక్కటే. దానికి కవరు లేదు, నీడ లేదు. ఎండకు ఎండేది, వానకు తడిసేది. అప్పుడప్పుడు ఆయన పైకి వచ్చి దాని మీద గోరు గుచ్చేవాడు. ఎందుకన్నా, అది ఇంక మెత్తబడుతుందా అని అడిగితే, "పడది," అనేవాడు. మళ్లీ గుచ్చేవాడు.

ఈసారి వానలు ఆలస్యమయ్యాయి. ఎండలు ముదిరి, ఆయనకు సుగరూ బీపీ రెండూ పెరిగాయి. మంచం దిగకుండా కిటికీలోంచి ఆకాశం చూసేవాడు. "ఈసారి చెప్త తమ్మీ. నువ్వు బయట నిలవడ అక్కర్లె, లోపట్నే ఉండు. చెప్త," అన్నాడు ఒక సాయంత్రం. నేను, "వాన్నే కావాల్నా? ఆటోల పోదాం పా, ఇప్పుడే," అన్నాను. నవ్వాడు. తెల్లారి ఆయన లేవలేదు. దినకర్మ కూడా అయ్యాకగానీ మొదటి చినుకు పడలేదు.

టైరును పాత సామాన్లవాడు వద్దన్న రోజే నేను మొఘల్‌పురా పోయాను. ఎండ కాస్తోంది. పరదా తొలగించుకుని వచ్చిన నన్ను చూసి యూసుఫ్, "వాన లేకుంట వచ్చినవ్," అన్నాడు. చావు కబురు ఆయనకు ముందే తెలుసు. మంచం దిగలేని మనిషి, రాలేదు. అక్క చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

నాకు దారంతా ఒకటే ఆలోచన. ఆయన చెప్పలేకపోయాడు. కనీసం నేను చెబితే, పాపం ఈయన మీద నుంచి ఆ తప్పు బరువైనా దిగుతుందని. కూర్చోగానే అన్నాను.

"యూసుఫ్ భాయ్, ఆ దినం తప్పు మీది కాదు. టైర్లు..."

"సచ్చినయ్," అన్నాడు యూసుఫ్. "గోరు దిగలె. తెలుసు."

నేను మంచానికి ఇంకా దగ్గరగా జరిగాను.

"హెల్మెట్ పెట్టుకోకముందే చూసిన. అన్న అవుతలి టైరు కాడున్నడు. నేను ఇవుతల వంగి గోరు గుచ్చిన. ఆయన నేర్పిందే కద. దిగలె. అన్న మొహం దిక్కు చూసిన. ఒద్దంటడు, ఆగిపోదాం అనుకున్న."

"మరి మీరే ఒద్దనొచ్చు కదా!"

"ఎట్లంట తమ్మీ? అన్నేండ్లు బిడ్డల లెక్క దాచిండు. అందరు సుట్టు నిలవడి వహ్వా అంటున్నరు. నేను గప్పుడు సచ్చినయ్ అంటె ఆయన ఇజ్జత్ ఏం గావాలె?"

మా పాతబస్తీలో గుమ్మం దగ్గర ఇద్దరు కలిస్తే ముందు మీరు, కాదు ముందు మీరు అంటూ చాయ్ చల్లారేదాకా నిలబడతారు. దాన్ని మేము మర్యాద అనుకుంటాం, గొప్పగా చెప్పుకుంటాం. ఆ మర్యాదకు ఒక మనిషి రెండు కాళ్లు పోయాయని నాకు ఆ మంచం పక్కన అర్థమైంది. ఏడుపు వచ్చింది. ఎవరి కోసమంటే చెప్పలేను.

"మరి గల్తీ నాదని ఇన్నేండ్లు ఎందుకన్నరు?"

యూసుఫ్ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. "ముందుగాల ఆయన దిల్‌ ఖుష్ గావాలని అన్న. తర్వాత... నేను గట్లంటె, ఒక్కసారన్న, కాదు యూసుఫ్, నాది అంటడని అన్న. గంతే. కాళ్లు రావు, తెలుసు. ఆ ఒక్క మాట కోసం వాన పడ్డప్పుడల్ల కనిపెట్టుకోని పండుకున్న. చెప్పకుంటనే పాయె." ఆగి, నా వైపు తిరిగాడు. "నీకెట్ల తెల్సు? నీకు చెప్పిండా?"

అబద్ధం ఆడాల్సింది. నోటికి రాలేదు. "చెప్పిండు," అన్నాను.

"ఎప్పుడు?"

"నన్ను మొదటిసారి ఈడికి తోలుకొచ్చిన దినం. పోయేటప్పుడు."

"ఏడ?"

"గాజుల దుకాణం రేకు కింద."

"మూల మీది దుకాణమా? రెండు గల్లీల అవతల?"

"అవును."

"రెండు గల్లీలు," అన్నాడు యూసుఫ్. ఆ దూరాన్ని మనసులో నడిచి చూసుకుంటున్నట్టు పరదా వైపు చూశాడు. అక్క చాయ్ తెచ్చి పెట్టింది. ఎవరమూ ముట్టుకోలేదు. నేను లేచి, చెప్పులు తొడుక్కుని, పరదా ఎత్తాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"తమ్మీ. ఇగ వాన పడితె రాకు."

ఆ తర్వాత వారం తిరగకుండానే వానలు దిగాయి. శాలిబండ రోడ్డు మళ్లీ వాగయింది, మేడ మీద ఆ టైరు నిండా నీళ్లు నిలిచాయి. నేను అరుగు మీద కూర్చుని చూశాను. బండి తీయలేదు.